ఆరునెలల కాగితం

గెర్గానా ఏడు గంటలకే లేచింది. లేచిందంటే కళ్ళు లేచాయి, మనిషి మంచం మీదే ఉంది. ఎనిమిదింపావుకి ఒక కాలికి మేజోడు ఎక్కింది. రెండోది చేతిలో పట్టుకుని, మంచం అంచున కూర్చుని, ఎదురుగా ఉన్న బీరువా వైపు చూస్తోంది. ఆ బీరువాలో చూడవలసినంత వింత ఏమీ లేదు. పాతికేళ్ళనాటి చెక్క బీరువా, ఒక తలుపు సరిగ్గా పడదు.

మేజోడు తరవాత బూట్లు, బూట్ల తరవాత సంచి, సంచి తరవాత తాళం. ఈ వరస ఆమెకి తెలియక కాదు. తెలియడానికీ చెయ్యడానికీ మధ్య ఒక గడప ఉంటుంది. మనబోటివాళ్ళం దాన్ని చూసుకోకుండానే దాటిపోతాం. ఇరవైరెండేళ్ళ ఈ పిల్లకి మాత్రం అది ప్రతి పనికీ ముందు కనిపిస్తుంది. పళ్ళు తోముకోవడానికి ఒకటి, తల దువ్వుకోవడానికి ఒకటి, వచ్చిన ఉత్తరం విప్పడానికి ఒకటి.

దీన్ని దానూబ్ నది ఒడ్డున ఉన్న మా లోమ్ ఊళ్ళో బద్ధకం అంటారు. ఆమె అన్న ఓగ్న్యాన్ పొగరంటాడు. రెండేళ్ళ కిందట రాజధాని సోఫియాలో కెమిస్ట్రీ చదువు మధ్యలో వదిలేసి వచ్చినప్పుడు చూసిన డాక్టరమ్మ మాత్రం కుంగుబాటు అంది. లేత వయసులో అది పట్టుకుంటే చాలామందికి ముందుగా సడలిపోయేది పనులకి వరస పెట్టుకునే శక్తేనని చెప్పింది. మొదలుపెట్టడం, గుర్తుంచుకోవడం, ఒకటి ముగించి ఇంకొకటి అందుకోవడం. పెద్ద డాక్టరుకి చూపించుకోమని చీటీ రాసిచ్చింది. చీటీకి నెల రోజులే గడువు, ఈలోగా ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోవాలి. ఫోన్ చెయ్యలేకపోవడమే జబ్బైనవాళ్ళకి ఫోన్ చేస్తేనే వైద్యమని ఏ మహానుభావుడు నిర్ణయించాడో తెలియదు. గెర్గానాకి అలాంటి చీటీలు రెండు గడువు దాటిపోయాయి.

అమ్మ ఉన్నన్నాళ్ళూ బండి ఎలాగో నడిచింది. అమ్మ పేరు రొసీత్సా, దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసేది. కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పేది కూడా ఆమే. చొక్కా కుట్టు అనేది కాదట, దారం ఎక్కించు అనేదట. ఇంట్లోనూ అదే పద్ధతి. లెమ్మని ఎప్పుడూ అనలేదు. వంటగదిలోంచి "కాళ్ళు కింద పెట్టు" అనేది. కాసేపాగి "ఇప్పుడు కుళాయి తిప్పు" అనేది. అలా ముక్క ముక్కగా కూతుర్ని ఇంట్లోంచి వీధిలోకి తెచ్చేది. ఈ ఉద్యోగంలో చేర్చింది కూడా ఆమే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి. డిసెంబరులో ఒక మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చున్నది కూర్చున్నట్టే గుండె ఆగి చనిపోయింది. రేపటికి ఆరు నెలలు.

పక్క మీద ఫోన్ మోగింది. విదీన్ నుంచి అన్న పంపిన కబురు. సాయంత్రం ఏడింటికి తనూ వదినా వచ్చేస్తామని, పొద్దున్నే శ్మశానానికి బయలుదేరాలని, కాగితాలు అంటించావా అని. ఈ ప్రశ్న మూడు వారాలుగా అడుగుతున్నాడు. గెర్గానా 'ఆఁ' అని కొట్టి పంపింది. అబద్ధానికి ఒక్క అక్షరం చాలింది. నిజం చెప్పాలంటే ఎన్ని మాటలు కూర్చుకోవాలో ఆమెకి అంతుపట్టలేదు. ఆ తరవాత రెండో మేజోడు వేసుకుంది.

మా దగ్గర మనిషి పోతే నల్ల అంచు కాగితం అచ్చు వేయించి అంటిస్తారు. పైన శిలువ, మధ్యలో ఫోటో, కింద పేరూ వయసూ, ఆ కింద ఏడుస్తున్నవాళ్ళ పేర్లు. ఇంటి తలుపు మీద, బస్టాపులో, రొట్టెల కొట్టు పక్క గోడ మీద. పోయిన రోజున ఒకసారి, నలభయ్యో రోజున ఒకసారి, ఆరునెలలకి, ఏడాదికి. తలుపు మీద కాగితం లేకపోతే పోయినవాళ్ళని ఇంట్లోవాళ్ళు మరిచిపోయారనే ఊరు అనుకుంటుంది. రొసీత్సా నలభయ్యో రోజు కాగితం ఓగ్న్యాన్ విదీన్‌లో చేయించుకొచ్చాడు. ఆరునెలలదాని మాట వచ్చినప్పుడు, "నువ్వు పనిచేసేదే ఆ దుకాణంలో కదే, ఇది కూడా నేనే చెయ్యాలా," అన్నాడు. న్యాయమైన మాటే.

ఆ దుకాణం ఆసుపత్రికి వెళ్ళే వీధిలో మందులకొట్టుకీ పూలకొట్టుకీ మధ్య ఉంది. యజమాని స్టాంకోకి ఆ చోటు మీద ఒక పరిహాసం ఉంది. పక్కవాడి మందు పనిచేస్తే వాడి అదృష్టం, చెయ్యకపోతే నా అదృష్టం అంటాడు. పెళ్ళి కార్డులూ అచ్చు వేస్తాడు, పరీక్ష కాగితాలకి నకళ్ళూ తీస్తాడు. కాని దుకాణాన్ని పోషించేది చావుకాగితాలే.

గెర్గానా అరగంట ఆలస్యంగా వెళ్ళింది. పొడుగైన పిల్ల, వంగి నడుస్తుంది. కడిగి ఐదారు రోజులైన జుట్టుకి రబ్బరు బ్యాండు, జూన్ ఎండలో బూడిదరంగు స్వెట్టరు. ఎడమ మణికట్టుకి ఎర్రా తెల్లా పేటల దారం, వసంతానికి గుర్తుగా మార్చి ఒకటిన స్టాంకో భార్య కట్టింది. కొంగ కనబడగానే, లేదా పూసిన చెట్టు కనబడగానే దాన్ని విప్పి కొమ్మకి కట్టాలి. చెట్లు పూసి, కాసి, చెర్రీపళ్ళు అమ్మకానికి వచ్చి అయిపోవస్తున్నాయి. దారం మాత్రం మాసిపోయి అక్కడే ఉంది.

దుకాణంలో ఆమె వేరే మనిషి. ఎదురుగా ఒకరు నిలబడితే చాలు, చేతులు వాటంతటవే కదులుతాయి. పేరు? వయసు? ఫోటో తెచ్చారా? కింద ఎవరెవరి పేర్లు? ఎన్నో నంబరు పద్యం? స్టాంకో దగ్గర పన్నెండు పద్యాలు సిద్ధంగా ఉంటాయి, తల్లికి ఏడో నంబరు ఎక్కువ పోతుంది. ఈ ప్రశ్నలన్నీ అడిగి, పావుగంటలో ముప్పై కాగితాలు కట్టకట్టి చేతికిస్తుంది. మనిషి గడప దాటగానే చేతులు ఆగిపోతాయి. తెర మీద మూడు వారాలుగా ఇంకో కాగితం తెరిచి ఉంటోంది. అందులో నల్ల అంచు ఉంది, శిలువ ఉంది, 'రొసీత్సా' అన్న పేరు ఉంది. రోజూ పొద్దున్న తెరుస్తుంది, సాయంత్రం మూస్తుంది. అక్కడ ఆమెని ప్రశ్నలు అడిగేవాళ్ళెవరూ లేరు.

పదింటికి పెంచో తాత వచ్చాడు. డెబ్భైనాలుగేళ్ళ మనిషి, రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు, దట్టమైన తెల్ల మీసం. మే నెలలో ఆయన భార్య నెదెల్కా పోయింది. బుధవారం నాడు వచ్చి నలభయ్యో రోజు కాగితం చేయించుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఆ కాగితమే ఒకటి గోడ మీంచి చింపి తెచ్చి బల్ల మీద పరిచాడు. పైన 'నెదెల్కా, డెబ్భైయొక్క ఏళ్ళు' అని ఉంది. మధ్యలో ఫోటోలో పెంచో తాతే మీసంతో సహా నవ్వుతున్నాడు.

ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఇచ్చి మా ఆవిడ వైపు కత్తిరించమని చెప్పాడాయన. గెర్గానా విన్నది, సరేనంది, మధ్యలో ఫోన్ మోగింది, ఫోన్ పెట్టేసరికి ఏ వైపో మనసులోంచి జారిపోయింది. మళ్ళీ అడగడం ఇంకో గడప. రెండు వైపుల్లో ఒకటి కత్తిరించింది.

"తప్పు నీ ఒక్కదానిదే కాదులే," అన్నాడు తాత. "కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి, ఊరంతా తిరిగి నా ముఖం నేనే అంటించుకొచ్చాను. పొద్దున రొట్టెల కొట్టు దగ్గర మా పక్కింటావిడ నన్ను చూసి శిలువ వేసుకుని రెండడుగులు వెనక్కి పోయింది. పేరెవరు చదువుతారమ్మా, అందరూ బొమ్మే చూస్తారు."

స్టాంకో నవ్వు ఆపుకోలేక సిగరెట్టు వంకన బయటికి పోయాడు. గెర్గానా క్షమాపణ చెప్పింది. మాటలు సరిగ్గానే వచ్చాయి, వాటి వెనక ఏమీ లేదు. సిగ్గుపడాలని తెలుసు, సిగ్గు కోసం లోపల వెతికింది కూడా. సరైన ఫోటోతో మళ్ళీ వేసి సిద్ధంగా ఉంచుతానంది. సాయంత్రం వస్తానని తాత వెళ్ళాడు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పన్నెండింటికి పెంచో తాత కూతురు ప్లెవెన్ నుంచి ఫోన్ చేసింది. స్టాంకో ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని చాలాసేపు విన్నాడు. తల్లి చావుని ఊరికి తమాషా చేశారంది, ఊళ్ళో ఇంకో దుకాణం లేకపోలేదంది. ఏప్రిల్‌లో ఒక పెళ్ళి కార్డులో తేదీ తప్పు పడి, సగం మంది చుట్టాలు మూసి ఉన్న హాలు ముందు నిలబడ్డారు. అంతకు ముందు ఇంకొకటి. స్టాంకో చెడ్డవాడు కాదు. ప్రతిసారీ తను మాట పడి ఊరుకున్నాడు.

నాలుగున్నరకి ఆయన వచ్చి బల్లకి ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడే మనిషి కూర్చున్నాడంటేనే గెర్గానాకి అర్థమైంది.

"నీ మీద కోపం లేదమ్మా," అన్నాడు. "కోపమైతే రెండు తిట్టి పని చేయించుకునేవాణ్ణి. సోమవారం నుంచి ఇంకొకర్ని చూసుకుంటాను."

"సరే బాబాయ్," అంది గెర్గానా.

ఆయన ఇంకేదో అంటుందని చూశాడు. బతిమాలుతుందనో, ఏడుస్తుందనో. బతిమాలితే మనసు మార్చుకునేవాడేమో కూడా. ఆమె తల వంచి మౌస్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన మీ అమ్మ మంచి మనిషి అన్నాడు. అది ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. శుక్రవారాల్లో ఆయన ఐదింటికల్లా కొండ పక్కన ఉన్న ఊరికి, తను పెంచుకునే తేనెటీగల దగ్గరికి వెళ్ళిపోతాడు. ఫోన్ అందని ఊరు, మళ్ళీ సోమవారమే వస్తాడు. తను దగ్గరుండి వేయించిన కట్ట పెంచో తాతకిచ్చి, షట్టరు దించి, తాళంచెవి ఉత్తరాల కన్నంలోంచి లోపల పడెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

గెర్గానా ఒక్కతే మిగిలింది. సోమవారం నుంచి ఈ బల్లా ఈ మిషనూ ఆమెవి కావు. కాగితం ఇవాళ ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా కాదు. రేపు తెల్లవారితే అమ్మ కాగితం లేని తలుపు దాటి అన్నా వదినా చుట్టాలూ శ్మశానానికి నడుస్తారు. ఇదంతా ఆమెకి లెక్కల ప్రశ్నలా స్పష్టంగా కనిపించింది. తెర ముందు కూర్చుంది. ఫోన్‌లో అమ్మ ఫోటోలు నాలుగువందలకి పైగా ఉన్నాయి. పైకి తోసింది, కిందికి తోసింది. గడియారంలో ఐదుంపావు అయింది, ఐదున్నర అయింది.

పెంచో తాత ఈసారి కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. తన కాగితం కట్ట విప్పి, దీపం కింద పెట్టి, భార్య ముఖం చాలాసేపు చూసుకున్నాడు. సరిగ్గా ఉంది అన్నాడు. కట్ట చంకలో పెట్టుకుంటూ ఆమె మణికట్టు చూశాడు.

"కొంగలొచ్చి గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా లేపాయి కదే. నీకింకా ఒక్క కొంగా కనబడలేదా?"

"కనబడ్డాయి తాతా. విప్పలేదు."

ఆయన ఎందుకని అడగలేదు. తెర మీద ఉన్న నల్ల అంచు చూసి, ఎవరిదని మాత్రం అడిగాడు. అమ్మదని చెప్పింది. ఎప్పటికని అడిగాడు. రేపటికంది. ఆయన గోడ గడియారం చూసి, ఆమెని చూసి, కట్ట బల్ల మీద దించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బుధవారం నాడు ఆమె తనని అడిగిన ప్రశ్నలు ఆయనకి గుర్తున్నాయి.

"సరే. పేరు?"

"రొసీత్సా."

"వయసు?"

"యాభైమూడు."

"ఫోటో తెచ్చారా?"

గెర్గానా ఫోన్ చూపించి నాలుగువందలున్నాయంది. నాలుగువందలు నాకు వద్దు, అమ్మ పని చేసుకుంటున్నదొకటి తియ్యి అన్నాడు తాత. అలాంటివి మూడే ఉన్నాయి. ఒకదాంట్లో రొసీత్సా బాల్కనీలో ఎర్ర మిరపకాయలు కాలుస్తూ, పొగకి ఒక కన్ను మూసి, ఫోటో తీస్తున్న కూతుర్ని కసురుతోంది. ఇది అన్నాడు తాత. ఆమె చెయ్యి కదిలింది. ముఖం వరకు కత్తిరించి పెట్టింది.

కింద పేర్లు అడిగాడు. కొడుకు ఓగ్న్యాన్, కోడలు, కూతురు గెర్గానా. పద్యం దగ్గర మళ్ళీ ఆగింది. ఏడో నంబరు అందరికీ వేసేదే, అమ్మకి కూడా అదేనా అని ఆమె సందేహం.

"మీ అమ్మ రోజూ ఏమనేది?"

"కాళ్ళు కింద పెట్టు అనేది."

తాత మీసం దువ్వుకుని ఆలోచించాడు. "చావుకాగితం మీద అది బాగోదమ్మా. ఏడో నంబరే వెయ్యి."

గెర్గానా నవ్వింది. నవ్వు వచ్చిందని ఆమెకే కాసేపటికి గాని తెలియలేదు. ముప్పై అని కొట్టి మీట నొక్కింది. వెనక గదిలో అచ్చు మిషను కదలడం వినిపించింది. మూడు వారాలు కాని పని పన్నెండు నిమిషాల్లో అయింది.

తాత లేస్తూ ఒక జాగ్రత్త చెప్పాడు. టేపు మరిచిపోకు, మొన్న నేను టేపు లేకుండా బస్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను అన్నాడు. ఆమె వెంటనే సొరుగులోంచి టేపు చుట్ట తీసి సంచిలో వేసుకుంది. ఆయన కట్ట పట్టుకుని ఉండగా వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది, మెట్టు దిగేదాకా మోచెయ్యి పట్టుకుంది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. చర్చి గంట ఆరు కొట్టింది. ఆరు కొడితే ఏం చెయ్యాలో గుమ్మం పక్కన స్టాంకో పెద్దక్షరాలతో రాసి అంటించాడు. కంప్యూటరు ఆపాలి, దీపాలు ఆర్పాలి, కిటికీ మూయాలి, షట్టరు దించాలి. రాసి ఉన్న పని ఆమెకి సుళువు. నాలుగూ వరసగా చేసింది. తాళం వేసి, తాళంచెవి ఉత్తరాల కన్నంలోంచి లోపలికి జారవిడిచింది. అది నేల మీద పడిన చప్పుడు విని ఇంటికి బయలుదేరింది.

దానూబ్ మీంచి గాలి వస్తోంది, వీధంతా లిండెన్ పూల వాసన. పని పోయింది, కాగితం అయింది. రెండూ ఒకే బరువుగా ఉన్నాయి, అంటే ఏమీ బరువు లేదు.

వాళ్ళ భవనం ముఖద్వారం అద్దానికి నలభయ్యో రోజు కాగితం ఇంకా ఉంది. ఎండకి పసుపెక్కి, అంచులు చుట్టుకుపోయి, ముఖం దాదాపు చెరిగిపోయింది. గెర్గానా గోటితో నాలుగు మూలలూ జాగ్రత్తగా లేపి, చిరగకుండా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుంది. స్వెట్టరు చేతితో అద్దం తుడిచింది. టేపు నాలుగు ముక్కలు కొరికి, అలవాటు ప్రకారం ఎడమ ముంజేతికి వరసగా అంటించుకుంది. అప్పుడు సంచిలో చెయ్యి పెట్టింది.

ఫోన్ ఉంది, టేపు చుట్ట ఉంది, సగం తిన్న రొట్టె ఉంది. సంచి బోర్లించి మెట్టు మీద కుమ్మరించింది. మిషను కదలడం విన్నది గుర్తుంది. వెనక గదిలోకి వెళ్ళి కాగితాలు తీసుకోవడం గుర్తులేదు. గుర్తులేదంటే జరగలేదనే.

అన్న కారు వచ్చి ఆగేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. వదిన రేపు శ్మశానంలో పంచడానికి ఉడికించిన గోధుమల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారులోనే ఉండిపోయింది. ఓగ్న్యాన్ దిగి, ఖాళీ అద్దం చూశాడు, చెల్లెల్ని చూశాడు.

"ఉన్నది కూడా పీకేశావా?"

"కాగితాలు చేశాను అన్నయ్యా. దుకాణంలో ఉండిపోయాయి."

"పొద్దున అంటించానన్నావు."

"అది అబద్ధం. ఇది నిజం."

ఓగ్న్యాన్ పొద్దుటి నుంచి లారీ నడిపి, ఇంటికెళ్ళి కారు తీసుకుని వచ్చినవాడు. అరిచే ఓపిక కూడా అతనికి లేదు. పోనీ తాళం తీసి తెద్దాం పద అన్నాడు. తాళంచెవి లోపల ఉందని, స్టాంకో ఊళ్ళో లేడని, సోమవారం నుంచి ఉద్యోగం లేదని ఆమె ఒకదాని వెంట ఒకటి చెప్పింది. వింటున్నకొద్దీ అతని ముఖంలో నమ్మకం తగ్గిపోవడం ఆమెకి కనిపించింది. నిజమే, వినడానికి అన్నీ సాకుల్లాగే ఉన్నాయి.

"సర్లే. పైకి పద," అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఏడుపు వచ్చింది. ఆరు నెలల్లో మొదటిసారి వచ్చి, కళ్ళ దాకా రాకుండానే ఆగిపోయింది. చేశాను అని ఇంకోసారి అనాలనుకుంది. అతను అప్పటికే వదిన చేతిలో గిన్నె అందుకుని లోపలికి నడుస్తున్నాడు. ఆమె ముంజేతి మీద నాలుగు టేపు ముక్కలతో వెనకాలే మెట్లెక్కింది.

ఆసుపత్రి వీధిలో, దించిన షట్టరు వెనక, మిషను ట్రేలో ముప్పై కాగితాలు అంచులు కలిసి, అక్షరాలు కిందికీ, తెల్లని వీపులు పైకీ పెట్టుకుని పడుకుని ఉన్నాయి.